సాన తగలని రింగు

దెహాయ్ పోయిన రోజూ, పొడికోతకు ఆమోదం దొరికిన రోజూ ఒక్కటే.

ఆ మధ్యాహ్నం యున్‌లాన్ బేరింగులు కొనబోయే బొగ్గుగని నుంచి వచ్చిన పెద్దల ఎదుట, పొడవాటి బల్లకు ఒక చివర కూర్చుని కాగితాల మీద సంతకాలు పెడుతోంది. అదే వేళ, ఊరికి ఆ చివరనున్న స్నానశాలలో ఒళ్ళు రుద్దే మనిషి ఆమె భర్త వీపు రుద్దడం ముగించి, "ఇటు తిరుగన్నా" అన్నాడు. దెహాయ్ తిరగలేదు. సాన మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగాక ఒంటికి పట్టిన నూనె వదిలించుకోవడానికి అక్కడికే వస్తారు. ఆ వేడి ఆవిరిలో కునుకు తీయడం వాళ్ళకు మామూలే. అందుకని ఆ మనిషి గోరువెచ్చని నీళ్ళు ఒక చెంబెడు వీపు మీద పోసి, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎంతసేపటికి సంగతి తెలిసిందో యున్‌లాన్ ఎవరినీ అడగలేదు.

మొదటినుంచీ ఈ కథ వెంట వస్తున్నవారికి మిగతావన్నీ గుర్తుండే ఉంటాయి. ఈ వారమే వచ్చి కలిసినవారికి కొంచెం చెప్పాలి.

వాఫాంగ్‌దియన్ ఊళ్ళో ఏ వీధిలో నిలబడ్డా ఏదో ఒక బేరింగుల ఫ్యాక్టరీ చప్పుడు వినిపిస్తుంది. యున్‌లాన్ ఇంజనీరుగా ఉన్నది వాటిలో పెద్దదీ కాదు, పేరున్నదీ కాదు. కొలిమిలో గట్టిపడి వచ్చిన ఉక్కు రింగులకు అక్కడ సానరాళ్ళతో నునుపు పెట్టేవారు. ఉక్కు కమిలిపోకుండా నూనె ధారగా పోస్తూనే ఉండాలి. ఆ నూనె, ఉక్కు పొడి, రాతి పొడి కలిసి నల్లటి బురదగా మారుతుంది. దాన్ని తిరిగి వాడుకునే దారి లేక ఫ్యాక్టరీ వెనక గోతిలో పోసేవారు. గోడకు అవతల ఆపిల్ తోటలు. తోటల్లోని బావినీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టడం మొదలయ్యాక జిల్లా అధికారులు వచ్చి చూశారు. బురదైనా ఆపండి, ఫ్యాక్టరీ అయినా ఆపండి అని గడువు పెట్టి వెళ్ళారు.

సానా నూనే రెండూ అక్కర్లేదు, చాలా గట్టి మొన బిగించి లేతు మీదే రింగును పొడిగా కోసి తుది కొలతకు తేవచ్చు అని యున్‌లాన్ అంది. రాలే రజను శుభ్రమైన ఉక్కే కనక మళ్ళీ కొలిమికి పోతుంది. గోతికి పోయేది ఉండదు. మొదటిసారి పరీక్షకు ఎక్కించిన రింగులు నెల తిరక్కుండానే పొలుసులు లేచాయి. ఆమె లెక్కలన్నీ మళ్ళీ వేసుకుని, పద్ధతి మార్చి, ఇంకో ఆరు రింగులు ఎక్కించింది. అవి ఒక వేసవి పొడవునా బరువు మోస్తూ తిరిగినా చెక్కుచెదరలేదు. ఆ ఆరింటి బలం మీదే గనివాళ్ళు సంతకం చేశారు.

సాన మిషన్ల వరుసకు పెద్ద దెహాయే. "నీళ్ళు తగలకుండా గడ్డం గీస్తుందట మా ఆవిడ" అని ఒకరోజు క్యాంటీన్లో అన్నాడు. అందరూ నవ్వారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న యున్‌లాన్ కూడా ఆ మాట విన్నది. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు అవసరానికి మించి రాలేదు. తలుపు వేశావా. అన్నం గిన్నెలో ఉంది. రేపు నాది పొద్దున డ్యూటీ. అలా ఒక చలికాలం పోయి, ఎండాకాలం పోయి, మళ్ళీ చలి వచ్చింది. మాట కలవకుండానే అతను వెళ్ళిపోయాడు. అంత్యక్రియల్లో మట్టి మూకుడు పగలగొట్టడానికి కొడుకు లేడు. శిష్యుడు బావోలిన్ ముందుకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మూకుణ్ణి నేలకేసి కొట్టాడు.

వారం తిరిగేసరికి సాన మిషన్లను విప్పి లారీలకెత్తారు. కోపంతోనే పోయాడు, కనీసం ఇది చూడకుండా పోయాడు అని యున్‌లాన్ అనుకుంది. ఇప్పటిదాకా అదే అనుకుంటోంది.

*

మనిషి పోయాక, అక్కడ ఖర్చుకు అందుతాయని, ఏడు రోజులకొకసారి నోట్లలాంటి కాగితాలు కాలుస్తారు. వాటిలో ఐదోది పెద్దది. ఆ రోజుకు యున్‌లాన్ సెలవు పెట్టింది. పొద్దున్నే పిండి కలిపి, పులిసిన క్యాబేజీ, పంది మాంసం సన్నగా తరిగి కుడుములు చేసింది. ఒక్కరికి వండుకోవడం ఆమెకు ఇంకా చేతకావడం లేదు. చెయ్యి తనంతట తనే ఇద్దరికి సరిపడా పిండి తీస్తోంది. ఈ రోజు మాత్రం అది తప్పు కాదు.

నీళ్ళు మరుగుతుండగా ఫోను మోగింది. మేనేజరు ఫాన్.

"ఇంజనీరమ్మా, తిట్టకండి. సెలవులో ఉన్నారని తెలుసు. ఎందుకు సెలవో కూడా తెలుసు. ఒక్క చిన్న పని."

"చెప్పండి."

"రేపు నగరం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, మన పొడికోత చూడ్డానికి. పరీక్షకెక్కిన రింగుల్లో ఒకదాన్ని పెళ్ళికూతుర్ని చేసి ఇవ్వాలి మీరు. అద్దాల పెట్టె చేయించాను. అడుగున ఎర్ర మఖమలు. 'ఒక్క చుక్క నూనె తాగని రింగు' అని బోర్డు కూడా రాయించాను."

"చివర్లో మెరుగురాయి పెట్టేటప్పుడు కొంచెం నూనె వాడతాం కదా."

"అబ్బబ్బ, 'కొంచెం' అనే మాటకి బోర్డు మీద చోటు లేదండీ. చిన్న బోర్డు."

ఇంకొకరైతే నవ్వేవారు. యున్‌లాన్ కుడుములు ఉడికించి, పొయ్యి ఆపి, వాటిని వేడి నిలిచే డబ్బాలో సర్ది, ఫ్యాక్టరీకి వెళ్ళింది.

సాన మిషన్లు ఉండే హాలు మీదుగా వెళ్ళాలి. మిషన్లు లేవు. ఒక్కొక్కటి ఉన్నచోట నూనె తాగి నల్లబడిన నేల, మూలల్లో బోల్టులు ఊడదీసిన గుంటలు. వరుసలో చివరి నల్లమచ్చ దగ్గర నేల ఒకచోట కాస్త అరిగి ఉంది. దెహాయ్ అక్కడ నిలబడేవాడు. ఆమె దాన్ని చుట్టి వెళ్ళింది, తొక్కలేదు.

కొలతల గదిలో బీరువా తీసి, పరీక్షకు ఎక్కిన ఆరు రింగుల్లో ఒకటి బయటికి తీసింది. భోజనం పళ్ళెమంత ఉంటుంది రింగు. గుడ్డతో తుడిచింది. లోపలివైపు, గుండ్రటి కడ్డీలు దొర్లే దారి అద్దంలా ఉంది. ఆమె ముఖం అందులో సాగినట్టు కనిపించింది. పెట్టెలో పెట్టే ముందు ఎక్కడైనా మరక మిగిలిందేమోనని సూక్ష్మదర్శిని కింద పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ చూసింది.

మెరుగురాయి దారినంతటినీ పాలిష్ చేస్తుంది గాని, దారి గోడను కలిసే మూలలోకి వెళ్ళలేదు. అక్కడ సన్నని అంచు ఒకటి మిగిలిపోతుంది. మెరుగుకు ముందు రింగు ఎలా ఉండేదో ఆ అంచు మీద అలాగే ఉంటుంది. లేతు మీద మొన కోసుకుంటూ పోతే, కుమ్మరి సారె మీద వేలు ఆనించినట్టు, తెగకుండా చుట్టూ తిరిగే ఒకే ఒక్క గీత పడుతుంది. యున్‌లాన్ చూడబోయింది ఆ గీతనే. కనిపించింది అది కాదు. చీపురుతో ఊడ్చిన మట్టినేల మీదిలా వేలకొద్దీ పొట్టి గీతలు. ఒకటి మొదలైనచోట ఇంకొకటి ఆగిపోతుంది.

సాన పడితేనే అలాంటి గీతలు పడతాయి.

రింగు మారిపోయిందేమో అనుకుంది. అంచున చెక్కిన గుర్తు చూసింది. తన చేత్తో పరీక్షకు ఎక్కించినదే. రెండోది తీసి చూసింది. మూడోది చూసింది. ఆరూ చూసింది. ఆ తరవాత గనికి పంపిన సరుకులో మిగిలిపోయిన రింగు ఒకటి తెచ్చి అదే చోట పెట్టింది. దాని మీద తెగని గీత ఒక్కటి, చుట్టూ తిరిగి వస్తోంది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఫ్యాక్టరీలో సాన పట్టగలిగినవాళ్ళు చాలామంది ఉండేవారు. ఆమె రింగులను ఆమెకు తెలియకుండా ముట్టుకోగలిగినవాడు ఒక్కడే.

చేతులు కడుక్కుంది. అద్దాల పెట్టెకు వేరే రింగు ఏదీ ఇవ్వలేదు. పరీక్ష రింగును పాత వార్తాపత్రికలో చుట్టి, సంచీలో కాల్చవలసిన కాగితాల కట్టల కింద పెట్టుకుని బయల్దేరింది.

*

సమాధులు ఊరి తూర్పున, ఆపిల్ తోటల పైనున్న కొండవాలు మీద. ఎండ ఉంది గాని దాంట్లో వేడి లేదు. గాలికి ఆకులు రాలిన కొమ్మలు ఒకదాన్నొకటి గీసుకుంటున్నాయి. బావోలిన్ ముందే వచ్చి గేటు దగ్గర కాళ్ళు ఆడిస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళ భారీ మనిషి, చలికి బుగ్గలు ఎర్రబడిపోయాయి. ఆమె చేతిలోని సంచీ అందుకోబోతే యున్‌లాన్ ఇవ్వలేదు.

"బరువుగా ఉన్నట్టుందే గురువమ్మా."

"నేను మోస్తాను."

ఫ్యాక్టరీలో అతను అందరిలాగే ఆమెను ఇంజనీరమ్మ అంటాడు. గడప దాటితే గురువుగారి భార్య గనక గురువమ్మ.

కాపలాదారు గదిలోంచి తల బయటపెట్టి అరిచాడు. "పీపాలోనే కాల్చండి! ఒక్క రవ్వ బయటపడ్డా నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఇక్కడే పడుకో బాబాయ్, చోటు బోలెడుంది!" అన్నాడు బావోలిన్.

"ముందు నువ్వు పడుకుని చూడరా. మెత్తగా ఉంటే నాకు చెబుదువుగాని."

దెహాయ్ సమాధి రాయి కొత్తది కావడంతో పక్కవాటిలో కలవకుండా తెల్లగా కనిపిస్తోంది. యున్‌లాన్ దాని ముందు కుడుముల డబ్బా మూత తీసి పెట్టింది. పైకి ఆవిరి లేచి, గాలికి చెదిరిపోయింది. బావోలిన్ ఇనప పీపాను దగ్గరికి దొర్లించుకొచ్చి, కాగితాలకు నిప్పంటించి, ఒక్కొక్క కట్టా విప్పి వేస్తున్నాడు. వేస్తూ మాట్లాడుతున్నాడు. మాట్లాడకుండా ఉండటం అతనికి రాదు.

"తీసుకోండి గురువుగారూ. అక్కడైనా ఆ చవక సిగరెట్లు మానేసి మంచివి కొనుక్కోండి. వేడినీళ్ళ స్నానం దొరుకుతోందా? దొరక్కపోతే కల్లోకొచ్చి చెప్పండి, స్నానశాల బొమ్మ చేయించి కాలుస్తాను. కుడుములు చల్లారకముందే తినండి, గురువమ్మ ఇవాళ ఉప్పు సరిగ్గా వేసినట్టుంది."

యున్‌లాన్ సంచీలోంచి వార్తాపత్రిక పొట్లం తీసి విప్పింది. ఉక్కు మీద ఎండ పడింది.

"రింగు తెచ్చారా!" అన్నాడు బావోలిన్ సంబరంగా. "మంచి పని చేశారు గురువమ్మా. ఆయనకి అక్కడ తోచక చస్తూ ఉంటాడు."

"ఇది పరీక్షకెక్కిన రింగు."

బావోలిన్ చేతిలోని కాగితం సగం కాలి వేలి దాకా వచ్చింది. ఉలిక్కిపడి పీపాలోకి విదిల్చాడు.

"దీని అంచు చూశాను పొద్దున," అంది ఆమె.

"ఏ అంచు?"

"మెరుగురాయి అందని అంచు."

అతను పుల్ల తీసుకుని మంటను కెలికాడు. అది బాగానే మండుతోంది, కెలకవలసిన అవసరం లేదు.

"గాలి ఎక్కువవుతోంది. తొందరగా ముగించుకుని పోదాం గురువమ్మా. మీకు అసలే జలుబు..."

"ఇప్పుడు గురువమ్మని కాదు. ఇంజనీరుగా అడుగుతున్నాను. దీన్ని లేతు మీద కోసింది నువ్వు. సాన పట్టింది ఎవరు?"

"ఇంజనీరుగా అడిగితే నాకు తెలీదు."

"బావోలిన్."

"గురువమ్మగా అడగండి చెబుతాను." అతను సమాధి వైపు చూడకుండా అన్నాడు. "అడగడానికి చోటు కూడా బాగా చూసుకుని తెచ్చారు. ఇక్కడ నేను అబద్ధం ఆడలేనని మీకు తెలుసు."

యున్‌లాన్ రింగును ఒళ్ళో పెట్టుకుని రాతి గట్టు మీద కూర్చుంది. చల్లటి ఉక్కు కోటులోంచి తొడలకు తగిలింది.

"సరే. గురువమ్మనే అడుగుతున్నాను."

బావోలిన్ పీపా మీదికి వంగాడు. కాగితాలు రెండు వేశాడు. "మొదటి రింగులు పోయిన రోజు గుర్తుందా? మీరు ఇంటికొచ్చి, లోపలికి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చున్నారు. చేతిలో కూరల సంచీ."

ఆమెకు గుర్తుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ.

"ఆయన తలుపు లోపలివైపే నిలబడున్నాడట. మీ దగ్గు వినిపించిందట. తీద్దామని గొళ్ళెం మీద చెయ్యి వేశాడట. తీస్తే ఏం మాట్లాడాలో తెలీక, మీరు లేచి తాళంచెవి తీసేదాకా అలాగే నిలబడి, అప్పుడు గబగబా వంటింట్లోకి పోయి టీవీ పెట్టాడట."

"టీవీ మోగుతోంది," అంది యున్‌లాన్. "అవును."

"మర్నాడు నా దగ్గరికొచ్చాడు. 'ఈసారీ పోతే ఆవిడ లేవదురా. ఈ ఆరింటి మీదా వెంట్రుకవాసి ఎక్కువ ఉంచి కొయ్యి. మిగతాది నేను చూసుకుంటా' అన్నాడు. నేనన్నాను, 'క్యాంటీన్లో ఎగతాళి చేసింది మీరే కదా' అని. తంతానన్నాడు."

"తరవాత?"

"'నోరు జారింది నేను, దానికి ఆవిడ ఓడిపోవడం ఏంటి' అన్నాడు. సెలవు రోజున వచ్చి ఆరూ చేశాడు. మీరప్పుడు పెద్దమ్మగారింటికి వెళ్ళారు. ఎంత నెమ్మదిగా చేశాడనుకున్నారు! రింగు కమలకూడదని రాయిని ముద్దుపెట్టినట్టు తాకించాడు."

"ఇవి గెలిస్తే సాన వరుస ఎత్తేస్తారని తెలుసా ఆయనకి?"

"తెలియకేం గురువమ్మా. పని అయ్యాక మిషను తుడుస్తూ దానితో చెప్పాడు కూడా. 'నా చేతుల్తోనే సాగనంపుతున్నానే నిన్ను, ముసలిదానా' అని. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పుల్ల తీసుకుని వెంటపడ్డాడు."

ఒక ఏడాది పొడవునా ఆమె ఒక మనిషి వీపు చూస్తూ పడుకుంది. ఆ వీపు కోపంగా అటు తిరిగి ఉందనుకుంది. గొళ్ళెం మీద చెయ్యి వేసిన మనిషి ఒకడు తలుపు అవతల నిలబడ్డాడని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే, తనే తలుపు తట్టి ఉండేది. సంతోషించాలని ఉంది. పీపా దగ్గర చేతులకు వేడి తగిలినట్టు సంతోషం తగులుతోంది కూడా. కాని అది చేతులు దాటి లోపలికి రావడం లేదు. ఇంకో ప్రశ్న అడ్డుగా నిలబడి ఉంది.

"నా పద్ధతి తప్పని ఆయనకి అనిపించిందా? నిజం చెప్పు."

"తప్పో ఒప్పో ఆయనకేం తెలుసు? మొదటిసారి పోయిందని భయం, అంతే. నాతో అన్నాడు కూడా. 'ఆవిడ లెక్కలు సరిగ్గానే ఉండుంటాయి. అయినా నా చెయ్యి ఊరుకోవడం లేదు' అని."

"గనికి పంపినవి?"

"వాటినెవరు ముట్టుకుంటారు? ఆయన లేడు, మిషన్లు లేవు. మీరు గీసిచ్చిన దాంట్లో ఎంతుంటే అంతే కోశాను. మొన కూడా మీరు మార్చమన్నప్పుడల్లా మార్చాను, ఒట్టు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను గురువమ్మా! ఆయన శవం ముందు కొడుకులా కూర్చున్నవాణ్ణి. లేచి వచ్చి ఆయన మోసం చేశాడని మీకు నేనే చెప్పనా? అయినా రింగులు గెలిచాయి కదా. ఆయన ఊరికే కంగారుపడ్డాడు, చెయ్యి వేయకపోయినా గెలిచేవే అనుకున్నా."

"గెలిచేవేమో." యున్‌లాన్ రింగు అంచు మీద వేలు పెట్టింది. తరగతిలో చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "విను. నూనె లేకుండా కోసినప్పుడు మొన అరిగిందంటే వేడికి ఉక్కు మీద పలచటి పొర ఒకటి కడుతుంది. గాజులాంటి పొర, మెరుగురాయికి పోదు. మొదటిసారి పొలుసులుగా లేచింది అదే. రెండోసారి ఆ పొర కట్టకముందే మొన మార్చేలా లెక్క వేశాను. లెక్క సరైనదో కాదో ఈ ఆరూ చెప్పాలి. ఆయన సాన పట్టడంతో, పొర ఉన్నా పోయింది, లేకపోయినా తెలియకుండా పోయింది. సాన పట్టిన రింగు బాగా తిరుగుతుందని ఈ ఆరూ చెప్పాయి. అది మా తాతల నాటికే అందరికీ తెలుసు."

బావోలిన్ రింగు వంక చూశాడు. "అయితే గనికి వెళ్ళినవి... పగులుతాయా?"

"తెలీదు."

"పగలవా మరి?"

"తెలీదు బావోలిన్. నేను చెబుతున్నది అదే. ఎవరికీ తెలీదు."

కింద తోటలో ఎవరో కుక్కను పిలుస్తున్నారు. ఫ్యాక్టరీ గోడ, దాని వెనక గడ్డకట్టిన గోయి ఇక్కణ్ణుంచి అరచేయంత కనిపిస్తున్నాయి. అక్కడ బురద పోయడం ఆగిపోయి నెల కావస్తోంది. తోటలవాళ్ళు మొన్ననే ఒక గంప ఆపిళ్ళు తెచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టి వెళ్ళారు. పొడికోత ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది. సాన వరుసను తిరిగి తెస్తే గోయి నిండుతుంది.

"ఒకటి చేద్దాం," అన్నాడు బావోలిన్, దగ్గరికి జరిగి. గొంతు తగ్గించాడు, కొండ మీద వినేవాళ్ళెవరూ లేకపోయినా. "వసంత పండగ అయ్యాక గదా గనిలో బిగిస్తారు? ఈలోగా పెట్టె సరిగ్గా లేదనో, తుప్పు మందు తక్కువైందనో చెప్పి వెనక్కి తెప్పించండి. ఇవాళ్టి నుంచే కొత్తవి పరీక్షకెక్కిద్దాం. ఆయన పేరు ఎత్తనక్కర్లేదు. ఊళ్ళో సాన పట్టేవాళ్ళంతా ఆయన పేరు చెప్పుకుంటారు గురువమ్మా. దొంగ అనిపించుకోనివ్వకండి."

యున్‌లాన్ సమాధి రాయి వైపు చూసింది. కొత్తగా చెక్కిన అక్షరాల్లో రాతిపొడి ఇంకా పూర్తిగా పోలేదు.

"వెనక్కి తెప్పిస్తాను," అంది. "ఏం చెప్పాలో ఆలోచిస్తాను."

ఆ మాట అన్నాక ఆమెకు ఊపిరి కొంచెం ఆడింది. వసంత పండగకు ఇంకా రోజులున్నాయి. లేచి రింగును మళ్ళీ పత్రికలో చుడుతోంది. ఫోను మోగింది.

"ఇంజనీరమ్మా! రింగు ఏదండీ? పెట్టె ఖాళీగా నన్ను చూసి నవ్వుతోంది." మేనేజరు ఫాన్ గొంతు మంచి హుషారుగా ఉంది. "సరే అది తరవాత. ముందు మంచి కబురు. గనివాళ్ళు మనల్ని మెచ్చుకుంటూ ఎర్ర పట్టుజెండా పంపారు! బంగారు అక్షరాలు. 'నూనె లేని నేర్పు, వెన్నలాంటి పరుగు' అట. వాళ్ళకి కవిత్వం కూడా వచ్చండోయ్. నేనే మేకు కొట్టి గోడకి తగిలించాను, వేలు కూడా చితికింది."

"పరుగు అంటే?"

"అంటే ఏముంది, బిగించేశారు. గని నోటి మీద పెద్ద కప్పీ ఉంటుంది చూడండి, మనుషులు దిగే లిఫ్టుది, దాని పాత బేరింగు మొరాయించిందట. పండగ దాకా ఆగలేక మనవి పెట్టేశారు. మొన్నటినుంచి తిరుగుతోంది. చప్పుడే లేదంటున్నారు."

యున్‌లాన్ రింగును చుట్టడం ఆపింది.

"ఆపమనండి."

"ఏంటి?"

"లిఫ్టు ఆపమని చెప్పండి. ఇప్పుడే. పరీక్షకెక్కిన ఆరు రింగులకీ సాన పట్టి ఉంది. పొద్దున చూశాను. గనిలో ఉన్నవాటిని పరీక్షించలేదు."

ఫాన్ గొంతులో హుషారు పోయింది.

"సాన ఎవరు పట్టారు?"

ఆమె కళ్ళు రాయి మీది పేరు మీదికి వెళ్ళాయి.

"చెప్పక్కర్లేదు, నాకూ బుర్ర ఉంది. ఇంజనీరమ్మా, వినండి. గనివాళ్ళతో ఏమంటారు? మా ఆయన చేశాడంటారా? మనిషి పోయి ఎన్నాళ్ళయిందని! మీకు తెలియకుండా జరిగిందంటే ఎవరు నమ్ముతారు? ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నవాళ్ళే కదా. ఇంటికి వెళ్ళి పడుకోండి. రేపు పెద్దవాళ్ళు చూసి వెళ్ళాక తీరిగ్గా మాట్లాడదాం. ఒక్కరోజుకి ఏమీ కాదు."

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేను చెప్పను. మిమ్మల్ని చెప్పమనడమూ లేదు," అని ఫాన్ ఫోను పెట్టేశాడు.

బావోలిన్‌కు అన్నీ వినిపించాయి. అతను టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. "ఎవరెక్కుతారు ఆ లిఫ్టు?"

"గనిలో పనిచేసేవాళ్ళంతా."

ఆమె గని నంబరు కోసం ఫోనులో వెతుకుతోంది. బావోలిన్ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు, సమాధి కనిపించకుండా అడ్డంగా. ఎందుకలా నిలబడ్డాడో అతనికీ తెలిసినట్టు లేదు.

"గురువమ్మా, నేను చేశానని చెప్పండి. కోసింది నేనే కదా. సాన కూడా నేనే పట్టానని చెప్పండి. నాకు పేరేం లేదు, పోవడానికి."

"పక్కకి జరుగు."

"చెప్పండి అలాగని."

"జరుగు బావోలిన్. ఆయన కనబడటం లేదు నాకు."

అతను జరిగాడు. పీపాలో ఆఖరి కాగితాలు కాలి, బూడిద ముక్కలు గాలికి పైకి లేచి తోటల మీదుగా పోతున్నాయి. కాపలాదారు గది గుమ్మంలోకి వచ్చి వాటివంక అనుమానంగా చూస్తున్నాడు. కుడుముల మీద నూనె గడ్డకట్టింది. అటువైపు ఫోను మోగింది, మోగింది, ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఆమె వెనక మనుషుల సందడి, ఇనప తలుపు ఒకటి జరిగిన చప్పుడు వినిపించాయి.

"గని లిఫ్టు ఆఫీసు. కాస్త ఉండండి, డ్యూటీ మారుతోంది, వాళ్ళని దింపేసి మాట్లాడతాను."

"దింపకండి," అంది యున్‌లాన్.

"ఆఁ? ఎవరండీ మాట్లాడేది? ఎందుకు దింపకూడదు?"

యున్‌లాన్ తన పేరు చెప్పింది. ఫ్యాక్టరీ పేరు చెప్పింది. ఎందుకో చెప్పడానికి ఆమెకు ఎదురుగా రాయి మీదున్న పేరు పలకాలి. ఆ పేరును ఆమె ఇంట్లో ఒక ఏడాదిగా పిలవలేదు. ఇప్పుడు పలికింది.

కొత్త లెక్క ప్రకారం కోసిన, సాన తగలని రింగును ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు.